రాజేశం ఒప్పుకున్న మాట

ఆదివారం, సూరత్

యాభై ఎనిమిది శాతం. పొద్దున గోడాదరాలో కార్మికుల మీటింగులో నా లాప్‌టాప్ బ్యాటరీ చూపించిన అంకె అది. నేసిన గుడ్డను మగ్గాలకు బిగించిన మీటర్లు తక్కువ చూపించి కూలి కోస్తున్నాయని మూడు నెలలుగా కూడబెట్టిన లెక్కలు చదవడం మొదలుపెట్టానో లేదో, తెర నల్లబడింది. “యాభై ఎనిమిది శాతం ఉందని చూపించిందే!” అని పైకే అనేశాను. మగ్గాల యజమాని సేటు తరఫున వచ్చిన సూపర్‌వైజర్ రాజేశం లేచాడు.

“సారూ, నీ డబ్బానే నీకు అబద్ధం చెప్తాంది. మా మీటర్లు తప్పంటవేంది? జర ఇంటికి పోయి చార్జింగ్ పెట్టుకో!”

ఎవరి కోసం మాట్లాడుతున్నానో వాళ్లే నవ్వారు. అది మింగుడుపడటం లేదు.

ఇంటికొచ్చి చార్జింగ్ పెట్టి, టెర్మినల్‌లో ఆదేశాలు కొట్టి బ్యాటరీ వివరాలు చూశాను. లాప్‌టాప్‌ను నడిపే లినక్స్‌ది తప్పు కాదు, బ్యాటరీ చెప్పిందే అది చూపించింది. బ్యాటరీయే, తాను సగం చచ్చినా, నిండితే ఎంత పడుతుందన్న చోట కొత్తప్పటి అంకెనే చెబుతోంది. తీయకుండా సాయంత్రం దాకా నింపితే ఆ అంకె సగానికి దిగింది. ఇప్పుడు నిజం చెబుతోంది.

వచ్చే ఆదివారం లాప్‌టాప్ తీసుకెళ్లను. గుడ్డ కొలిచే టేపు తీసుకెళ్తాను. జోల్వాలో సేటు మగ్గం నడిపే నర్సయ్య దగ్గరే, దింపిన గుడ్డను అందరి ముందూ రాజేశం చేతే కొలిపిస్తాను. నర్సయ్య సరేనన్నాడు గానీ, ఆ తర్వాత అతన్ని పనిలో ఉంచుతారా...

రాజేశం మాత్రం కాదనలేడు. అంకె చూపించే యంత్రం అబద్ధం చెప్పగలదని నలభై మంది ముందు ఒప్పుకున్నది వాడే.