ఎర్రబల్ల

హిందలోపెన్
ఏప్రిల్, గాలి ఆగని రోజు

నా బౌకె అక్కకు,

పంపిన పంచదార రొట్టె అందింది. సగం మా అత్తయ్యే తినేసి, "మీ అక్క పంచదార దగ్గర పిసినారిదే" అంది. అంటే ఆవిడ ఆరోగ్యం బాగున్నట్టే.

అక్కా, వీబెకు కుదరదని చెప్పేశాను. నువ్వు తిడతావని తెలుసు, అయినా మొత్తం చదివి తిట్టు.

మా మడత బల్ల నీకు గుర్తుందిగా. నా పెళ్ళికి ఎర్రగా మెరిసిపోయిన బల్ల. మా ఆయన దౌవె సరస్సులో మునిగిపోయిన ఏడాది అత్తయ్య దాని మీద నాచేత నీలం వేయించింది. ఎరుపు పెళ్ళికి, నీలం దుఃఖానికి అనేది ఆవిడ అమ్మమ్మల నాటి బట్టల కట్టు. ఇప్పుడు ఆ బట్టలు ఎవరూ కట్టడం లేదు కనుక బల్లకు కట్టించింది. వాడనప్పుడు పలక పైకెత్తి గోడకు ఆనించి పెడతాం. కిటికీకి తెర వేసే అలవాటు ఎటూ లేదు. దారినపోయే ప్రతివాళ్ళూ ఆ నీలాన్ని చూసి గొంతు తగ్గించుకుని పోతుంటారు.

కిటికీ తలుపు బాగుచేయడానికి వారం వారం వచ్చే వడ్రంగి వీబె, పోయిన నెల అడిగేశాడు. "హిస్కె, ఆ బల్ల అలా చూస్తుంటే మీ ఇంట్లో కాఫీ కూడా గొంతు దిగడం లేదు. మనం పెళ్ళి చేసుకుందామా?" అన్నాడు. నాకు ఇష్టమే అక్కా. చాలా ఇష్టం. కానీ కొడుకును పోగొట్టుకున్న తల్లి ఎదురుగా కొత్త మొగుణ్ణి ఎలా కూర్చోబెట్టను? మన అమ్మ పోయాక నాకు అమ్మయింది ఆవిడే. ఆవిడ మనసు విరిగితే నేను తట్టుకోలేను.

ఏం చెప్పాలా అని నలుగుతుంటే, అత్తయ్యే అంది: "బల్ల పెచ్చులు లేచిపోతోంది, చూడలేకపోతున్నా. ఈస్టర్‌కి కొత్తగా రంగు వెయ్యి. డబ్బా నేను తెప్పిస్తాలే." ఇంకేం మిగిలింది? మళ్ళీ నీలమే. సాయంత్రం వంతెన మీద వీబెకు వద్దని చెప్పాను. టోపీ చేతుల్లో నలుపుకుంటూ "సరేలే" అన్నాడు. ఇప్పుడు బల్ల గీకుతూ ఏడుస్తున్నాను.

నీ చెల్లెలు
హిస్కె


హిందలోపెన్
ఈస్టర్ ముందు శనివారం

అక్కా, నా బంగారు అక్కా,

నీ తిట్లు అందాయి. మిగతావి దాచుకో, ఇక వాటి అవసరం పడదు.

పాత రంగంతా గీకి, పగుళ్ళలో లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, నీలం కోసం డబ్బా మూత తీశాను. లోపల ఎరుపు! ఒళ్ళు మండి డబ్బా చంకన పెట్టుకుని రంగుల కొట్టుకు పోయాను.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావ్ రిన్స్? నీలం బదులు పెళ్ళి ఎరుపు పంపావు!"

"నా కళ్ళకేం? మీ అత్త కర్ర పొడుచుకుంటూ తనే వచ్చింది. గోటి మీద రాసుకు చూసి, 'ఇంకా మండాలి, ఇంకా మండాలి' అని నాచేత మళ్ళీ మళ్ళీ కలిపించింది. నా ప్రాణం తీసిందనుకో!"

ఇంటికొస్తే అత్తయ్య తాపీగా బంగాళాదుంపల తొక్క తీస్తోంది.

"అత్తయ్యా, ఇది ఎరుపు."

"రంగు వెయ్యమన్నాను. నీలం అన్నానా?"

"మరి ఇన్నాళ్ళూ?"

"ఇన్నాళ్ళూ నువ్వే గీకేస్తావని చూశానే. రోజూ దాన్ని అంత ప్రేమగా తుడుస్తుంటే, తీసెయ్యమని ఏ నోటితో చెప్పను? నాకైతే ఆ నీలం కనపడ్డప్పుడల్లా వాడు మళ్ళీ మునిగిపోయినట్టే ఉంటుంది."

ఆవిడ కోసం నేను తుడిచాను. నా కోసం ఆవిడ భరించింది. ఇద్దరికీ అక్కర్లేని నీలాన్ని ఇద్దరం మోశాం. నేలమీద కూలబడి, ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియకుండా ఉండిపోయాను. గుండె మీంచి బండ దిగిపోయింది అక్కా.

"వీబెను వద్దన్నాను అత్తయ్యా" అన్నాను.

"వాడి మొహం చూస్తే తెలియదూ? మన కిటికీ తలుపు వారం వారం ఎందుకు ఊడుతోందనుకున్నావ్? ఈ వయసులో స్టూలెక్కి ఆ స్క్రూ వదులు చేస్తున్నది నేనే!"

ఎరుపు ఆరాక, చెయ్యి కదలకుండా మణికట్టు కింద కర్ర ఆనించుకుని పూలూ తీగలూ గీశాను. మూలన ఒక్క పిట్టను మాత్రం నీలంగా వెయ్యమంది అత్తయ్య. అది దౌవెది.

ఈ ఉదయం పలక ఎత్తి కిటికీకి ఎదురుగా నిలబెట్టాం. కిటికీ తలుపు మళ్ళీ ఊడిందని అత్తయ్య వీబెకు కబురు పంపింది. అతను పనిసంచితో వచ్చి, వీధిలోనే ఆగిపోయి, అద్దంలోంచి చాలాసేపు చూశాడు. తర్వాత టోపీ తీసి లోపలికొచ్చాడు.

"పూలు ఆరాయా?"

"ఇంకా లేదు."

"ఆరేదాకా కూర్చోనా?"

నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అత్తయ్య కేక: "కూర్చో నాయనా, కాఫీ పెడుతున్నా. కానీ ముందు ఆ స్క్రూ గట్టిగా బిగించు. నేనింక స్టూలెక్కలేను!"

పెళ్ళికి రొట్టె నువ్వే చెయ్యాలి. పంచదార దండిగా వెయ్యమని అత్తయ్య మరీ మరీ రాయమంది.

నీ చెల్లెలు
హిస్కె