తలుపు కింద ఉప్పు తగాదా

హాల్లో కొలువై ఉన్న దర్జీ గారికి,

పడకగదిలో ఖైదు పడిన కటింగ్ షాపు ఓనరు, అనగా మీ ఆయన, రాయునది. ఇక్కడ నేను క్షేమం కాదు. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను.

నాతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నావు కాబట్టి ఈ కాగితం తలుపు కింద నుంచి తోస్తున్నాను. జుట్టు కత్తిరించే కత్తెరతో మాస్కుల గుడ్డ కోస్తే ఏ కటింగ్ షాపువాడైనా అరుస్తాడు. అంతమాత్రానికే "బస్సులు తిరిగిన రోజే మా అక్క దగ్గరికి పోతా" అన్నావు. మర్నాడే నాకు జ్వరం, టెస్టు, ఈ గది. అదంతా సరే. కూరలో ఉప్పు మానేసి కక్ష తీర్చుకోవడం ఏం న్యాయం?

ఇట్లు,
నీ చప్పిడి మొగుడు

తా.క. కత్తెరని మాత్రం ఏమీ అనకు. అది అమాయకురాలు.

*

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. ఉప్పు వేశాను. పోయింది మీ నాలుక. ఈ జబ్బుకి రుచి పోతుందని టీవీలో గొంతు చించుకుని చెప్తుంటే మీరేగా ఛానెల్ మార్చింది! మాత్ర మింగి బుద్ధిగా పడుకోండి.

ఇట్లు,
ఒట్టు మీదున్న మీ ఆవిడ

తా.క. మీ అమాయకురాలు గుడ్డని భలే కోస్తోంది. మీ గిరాకీల తలల మీద విసుగెత్తిపోయినట్టుంది.

*

దర్జీ గారికి,

శుభవార్త. నాలుక తిరిగొచ్చింది. వస్తూనే ఏడ్చింది. చప్పగా ఉందన్నానని ఇవాళ కూరలో ఉప్పు డబ్బా బోర్లించేస్తావా?

పైగా పొద్దస్తమానం కుట్టుమిషను గడగడలాడిస్తున్నావు. అందులో గుడ్డ లేదని నాకు తెలీదనుకున్నావా? ఉత్త మిషను చప్పుడు వేరు. ఇంకా అంత కోపమా?

ఇదంతా ఓర్చుకున్నాను. కానీ అటక మీది చక్రాల పెట్టె దింపి హాలంతా లాగావు చూడు, ఆ చక్రాల చప్పుడు మాత్రం ఓర్చుకోలేకపోయాను. సర్దుకుంటున్నావన్నమాట. నిజం చెప్పు, వెళ్ళిపోతావా? వేళాకోళానికి అడగడం లేదు. భయమేస్తోంది.

ఇట్లు,
నీవాడు

తా.క. కత్తెర నీకే ఇచ్చేస్తాను. జ్వరంలో రాయడం లేదు, తగ్గాకే రాస్తున్నాను.

*

శ్రీవారికి,

ఉప్పెక్కడ ఎక్కువైందండీ? రెండుసార్లు నాలుక మీద వేసుకుని చూశాను. చప్పగా ఉంటేనే ఇంకాస్త వేశాను. నేనూ అదే తిన్నాను, నాకేం తేడా తెలియలేదు. మీకు గదిలో ఊరికే కూర్చుని వంకలు పెట్టడం ఎక్కువైంది.

మిషను నా ఇష్టం. పెట్టె కూడా నా ఇష్టం.

ఇట్లు,
మీ ఆవిడ

తా.క. ఒకసారి ఇచ్చిన కత్తెర మళ్ళీ అడగకూడదు.

*

ఒసేయ్ పిచ్చిమొహమా,

తేడా తెలియలేదా? నీ నాలుక ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. మొన్నటిదాకా నాదీ అక్కడే ఉంది. ఆ ఉత్త మిషను తొక్కింది కోపంతో కాదు, దగ్గు నాకు వినబడకుండా! ఒంట్లో బాగాలేకుండానే నాకు వండి పెడుతున్నావా?

ఇద్దరికీ వచ్చాక మధ్యలో ఈ తలుపెవరికి? గడియ తీశాను. ఎంత తోసినా రావడం లేదు. బయట గొళ్ళెం పెట్టావా? నా మొహం చూడనంటావా?

ఇట్లు,
తలుపు దగ్గర నిలబడినవాడు

తా.క. ఉప్పు గురించి అన్న మాటలన్నీ వెనక్కి తీసుకున్నాను.

*

శ్రీవారికి,

ఇక్కడ నేనూ క్షేమం కాదు. టెస్టులో తేలింది. చెబితే ఆ నీరసంతోనే లేచొచ్చి పొయ్యి దగ్గర నిలబడతారని చెప్పలేదు.

తలుపు తొయ్యకండి బాబూ! గొళ్ళెం లేదు. అడ్డంగా పెట్టె ఉంది. పెట్టె మీద నేనున్నాను. మీ ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదో వినాలంటే తలుపుకి చెవి ఆనించి కూర్చోవాలి, నేల మీద కూర్చుంటే నడుము పడిపోతోంది. అందుకని దింపాను. లోపల ఒక్క చీర కూడా లేదు. మీరు గురక పెడితే హమ్మయ్య అనుకుని ఇక్కడే కునుకు తీస్తున్నాను.

కాళ్ళు తిమ్మిరెక్కాయి. లేస్తున్నాను, కాస్త ఆగండి.

ఇట్లు,
ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన మీ ఆవిడ

తా.క. ఇవాళ్టి నుంచి ఉప్పు చూసేది మీరే. ఇంకో మాట. తలుపు తీయగానే నా తల చూసి అరవకండి. కత్తెర నాదయ్యాక, అది జుట్టు కూడా కోస్తుందేమోనని చూశాను.