తొమ్మిదో గడిలో నేను పెట్టిన టిక్కు

గౌరవనీయులైన సంచాలకుల వారి సముఖమునకు,
ఆటల పరిశీలన మరియు నిషేధ శాఖ, నాలుగో అంతస్తు.

మనవి చేయువాడు: పరీక్షకుడు (రెండవ శ్రేణి), మూడో నంబరు గది, అదే కార్యాలయం, మొదటి అంతస్తు.

విషయం: 'ఇనుపగేటు' అను వీడియో ఆటను నిషేధించు ఉత్తర్వుపై తాము సోమవారం ఉదయం పదకొండు గంటలకు సంతకం చేయనుండుట – సదరు ఉత్తర్వుకు ఆధారమైన నివేదికలో తొమ్మిదో గడి అబద్ధమగుట – ఆ అబద్ధం రాసినవాడను నేనే అగుట – సంతకం నిలుపుదల చేయుమని మనవి.

అయ్యా,

దిగువ సంతకం చేసిన నేను, తమ శాఖలో పందొమ్మిదేళ్లుగా, ఉద్యోగరీత్యా మనుషుల్ని చంపుచున్నాను. సెలవు రోజులు మినహా. ఈ క్రింది అంశములు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. తమరు నాలుగో అంతస్తులో ఉంటారు కనుక నన్ను చూసి ఉండరు. బయటి నుంచి వచ్చే ప్రతి హింసాత్మక ఆటను జనం కన్నా ముందు నేను ఆడి, అందులో ఎవరిని ఎన్ని రకాలుగా చంపవచ్చునో రాసి పైకి పంపుతాను. నియమావళిలో ఏడో నియమం ఇలా ఉంది: "చంపుటకు వీలైన ప్రతి వ్యక్తిని, లభ్యమగు ప్రతి ఆయుధముతో, పరీక్షకుడు స్వయముగా చంపి చూడవలెను." దీని ప్రకారం ఇప్పటికి ఆరువందల పన్నెండు ఆటలు ఆడాను. ఒక్కరినీ ప్రాణాలతో వదల్లేదు. ఆఫీసులో నన్ను యముడంటారు. పక్కన కూర్చుని నేను చెప్పింది టైపు చేసే ఆవిడని చిత్రగుప్తమ్మ అంటారు. ఇద్దరికీ ఆ పేర్లు అలవాటైపోయాయి.

2. 'ఇనుపగేటు' ఆట వివరము: మూతబడ్డ ఇనుము ఫ్యాక్టరీలో ఒకణ్ణి బంధించి ఉంచుతారు. ఆడేవాడే ఆ బందీ. ముప్పై ఒక్కమంది కాపలావాళ్లు. పన్నెండు ఆయుధాలు. అంటే మూడువందల డెబ్బై రెండు హత్యలు. తొమ్మిది పనిదినాల్లో పూర్తి చేశాను.

సుత్తితో కణత మీద కొడితే పుర్రె లోపలికి దిగుతుంది, ఒక కన్ను బయటికి వస్తుంది. తీగతో మెడ బిగిస్తే కాళ్లు నాలుగుసార్లు తన్నుకుని, ఎడమ బూటు ఊడిపోతుంది. పారతో కొడితే దవడ వేలాడుతుంది, అయినా వాడు ఏదో చెప్పబోతాడు. కరిగిన ఇనుములోకి తోస్తే చివరిదాకా చెయ్యి ఒక్కటే పైన ఉంటుంది. ఇవన్నీ చూడటమే కాదు, కొలవాలి. "సుత్తి, కణత, గోడ మీద రెండడుగులు" అని నేను అరుస్తాను. "రెండా సార్, రెండున్నరా?" అని చిత్రగుప్తమ్మ అడుగుతుంది. "ఉండమ్మా, మళ్ళీ కొట్టి చెబుతా" అంటాను. కేక ఎన్ని సెకన్లో కూడా రాయాలి కదా. ఒకసారి భోజనం డబ్బా ముందు పెట్టుకుని, "ఈయన పన్నెండు సెకన్లు అరిచాడు సార్, ఓపికున్న మనిషి" అంది. ఆవిడ చెడ్డది కాదు. ఇంట్లో మొక్కలకి కూడా పేర్లు పెట్టుకుంటుంది.

3. కత్తిరింపుల విషయము కూడా తమకు తెలియాలి. నిరుడు ఒక ఆటలో రక్తం తీసేయమని తమరు ఉత్తర్వు ఇచ్చారు. తయారుచేసినవాళ్లు ఆకుపచ్చ రంగు వేసి పంపారు. "ఆకుపచ్చ సైతము బాధ కలిగించుచున్నది" అని తమరు రాశారు. వాళ్లు అదీ తీసేశారు. అప్పుడు రక్తం లేదని ధ్రువీకరించడానికి అందులోని రెండువందల ఎనిమిది మందినీ నేను మళ్ళీ మొదటి నుంచి నరకాల్సి వచ్చింది. మెడ తెగుతుంది, ఏమీ కారదు. పరిశుభ్రంగా ఉందని రాశాను. అయినా చివరికి తమరు దాన్నీ నిషేధించారు. ఆ వారం నాకు అన్నం సహించలేదు. రక్తం ఉన్నప్పుడే నయం, చంపినట్టయినా తెలిసేది.

4. ఇక ఇంటి సంగతి. ఇది దస్త్రానికి సంబంధించనిదని తోసిపుచ్చకుండా చదవ ప్రార్థన.

"మాట్లాడేటప్పుడు నా మొహం చూడండి, మెడ కాదు" అని మా ఆవిడ ఏళ్ల తరబడి అంటోంది. నిజమే, నా చూపు అక్కడికే పోతుంది. రెండేళ్ల కింద మా బావమరిది బస్టాపులో వెనక నుంచి వచ్చి "ఏం బావా!" అని వీపు మీద చరిచాడు. వాడికి ముందు పళ్లు రెండు లేకుండా పోయాయి. వాడు మంచివాడు కనుక, "ఇంకా నయం, బావ చేతిలో సుత్తి లేదు" అని అందరికీ చెప్పి నవ్వించాడు. మేమూ నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది.

మాకు ఒక్కతే అమ్మాయి. పన్నెండేళ్లు. 'ఇనుపగేటు' మొదలుపెట్టిన మూడో రోజు సాయంత్రం నేను వంటింట్లో కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నాను. అది చప్పుడు చేయకుండా వెనక నుంచి వచ్చి నా కళ్లు మూసి, "ఎవరో చెప్పుకో" అంది. నేను చెప్పలేదు. నా చెయ్యి చెప్పింది. మణికట్టు పట్టి, మెలిపెట్టి, భుజం మీదుగా లాగి నేలకేసి కొట్టాను. మోకాలు దాని గుండెల మీద పెట్టాను. ఆ రోజు పొద్దున పద్నాలుగుమందిని అలాగే పడేశాను.

ఎముక విరిగిన చప్పుడు ఆటల్లో చప్పుడులా లేదండి. చాలా చిన్నది. ఎండుపుల్ల విరిగినంతే. ఆ తర్వాత నేను మొదట చూసింది పాపని కాదు, గోడని. మరక ఎంత ఎత్తున పడిందో అని. ఈ మాట మా ఆవిడకి కూడా ఇంతవరకూ చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

డాక్టరు నన్ను చూసి, "ఎలా జరిగింది?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి, "మెట్ల మీద పడ్డానండీ" అంది. మా ఇంట్లో మెట్లు లేవు.

ఆ రోజు నుంచి నేనున్న గదిలోకి వచ్చే ముందు అది గుమ్మం దగ్గర ఆగి దగ్గుతుంది. జలుబు లేదు. నేను తల తిప్పి చూశాకే లోపలికి వస్తుంది. ఎవరూ నేర్పలేదు, దానంతట అదే నేర్చుకుంది. అయ్యా, నా బిడ్డ నా ఇంట్లో దగ్గి వస్తోంది. నాకు వేరే ఫిర్యాదు ఏమీ లేదు. ఉన్నది ఇదొక్కటే.

5. ఇప్పుడు తొమ్మిదో గడి. నివేదిక ఫారంలో తొమ్మిదో ప్రశ్న: "ఎవరినీ చంపకుండ ఈ ఆటను ముగించుట సాధ్యమా?" అవునంటే పెద్దవాళ్లకి అనుమతి. కాదంటే పూర్తి నిషేధం, ప్రతులన్నీ ముక్కలు చేసే మిషనులోకి. ఆరువందల పన్నెండు ఫారాల్లోనూ నేను 'కాదు' దగ్గరే టిక్కు పెట్టాను. ఒక్కసారి కూడా ప్రయత్నించి చూడలేదు. ఏడో నియమం ప్రకారం అందరినీ చంపేశాక, చంపకుండా వదలడానికి ఎవరు మిగులుతారు? ఇంతకాలం ఎవరూ అడగలేదు. నేను చంపాను, చిత్రగుప్తమ్మ లెక్క రాసింది, తమరు సంతకం పెట్టారు. తిలాపాపం తలా పిడికెడు. కాకపోతే నా పిడికిలి పెద్దది.

6. నేరాంగీకారము: గత శుక్రవారం నేను 'ఇనుపగేటు' ప్రతిని, దానితోపాటు ఆఫీసు కంట్రోలరును సంచీలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాను. కంచే చేను మేసిందని తమరు అనవచ్చు. కారణం ఇది. ముందురోజు మా అమ్మాయి గుమ్మంలో దగ్గి, లోపలికి వచ్చి, "ఆ రోజు నన్ను ఎవరనుకున్నావు నాన్నా?" అని అడిగింది.

"కాపలావాడనుకున్నానమ్మా."

"ఏ కాపలావాడు?"

"గేటు దగ్గర ఉంటాడు. చివరివాడు. తాళం చెవి వాడి దగ్గరే ఉంటుంది."

"వాణ్ణి నాకు చూపించు" అంది. నా చేతిలో దాని చెయ్యి విరిగింది. దేనికోసం విరిగిందో చూస్తానంటే వద్దనే ముఖం నాకు లేదు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి చూపించాను. శిక్షకు సిద్ధం.

7. ఆటలో కాపలావాడు ముసలివాడు. గేటు పక్కన స్టూలు మీద కూర్చుని, మోకాలు రుద్దుకుంటూ ఉంటాడు. వాణ్ణి నేను పన్నెండు రకాలుగా చంపాను, అన్నీ వెనక నుంచే. మా అమ్మాయి చాలాసేపు చూసి, "ముందునుంచి వెళ్తే ఏమంటాడు?" అంది. తెలియదన్నాను. కంట్రోలరు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "నాన్నా, అన్ని బటన్ల మీదా అక్షరాలు అరిగిపోయాయి. ఇదొక్కటి మాత్రం కొత్తదానిలా ఉందేం? ఇది దేనికి?"

అయ్యా, ఆ కంట్రోలరు ఆరేళ్లుగా నా చేతిలో ఉంది. ఆ బటను దేనికో నాకు తెలియదు. నొక్కి చూశాం. తెర మీద బందీ తన చేతిలో సుత్తిని కింద పెట్టాడు.

శనివారం పొద్దున నుంచీ, గేటు దాకా ముందే ఆడి దాచుకున్న చోటు నుంచి ప్రయత్నించాను. ముసలివాడి ఎదురుగా వెళ్లి, ఆ బటను నొక్కి నిలబడాలి, అంతే. మొదటిసారి మూడు సెకన్లు నిలబడ్డాను. తర్వాత వాడి నుదురు పగిలింది. రెండోసారి సుత్తి కింద పెట్టి ఉత్తచేతులతో గొంతు పిసికాను. ఏడోసారి వాడి తల గేటు ఊచలకేసి కొట్టాను, అది పుచ్చకాయలా విచ్చుకుంది. నేను కావాలని చేయలేదు. ముసలివాడు కదిలితే చాలు, నా బొటనవేలు దానంతట అది పోతోంది. పదిహేడుసార్లు వాణ్ణి చంపాను. ప్రతిసారీ మా అమ్మాయి కళ్లు మూసుకుని, అయిపోయిందా అని అడిగి, తెరిచేది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మా అమ్మాయి నా పక్కన కూర్చుని, సిమెంటు కట్టు ఉన్న చేతిని నా బొటనవేలి మీద పెట్టి అదిమి పట్టింది. బరువుగా ఉంది. వేలు కొట్టుకుంటోంది, పాప వదల్లేదు. కట్టు కింద నొప్పి పుడుతోందేమో, పెదవి కొరుకుతోంది. తెర మీద ముసలివాడు తల ఎత్తాడు. నన్ను చూశాడు. నాలుగు సెకన్లు. ఎనిమిది. ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అంతసేపు చూడలేదు.

"ఏంటయ్యా, తాళం చెవి కావాలా? అడగొచ్చుగా" అన్నాడు.

మోకాళ్లు పట్టుకుని లేచి, గేటు తీసి, "ఇంటికి పో" అన్నాడు. మళ్ళీ వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

మా ఆవిడ గుమ్మంలోంచి, "అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ ముసలాయన ఇరవై తొమ్మిదిసార్లు చచ్చి కూడా, అడగకుండానే గేటు తీశాడు" అంది. తర్వాత ఆవిడ వంటింట్లోకి పోయింది. నేను ఏడ్చాను. మా అమ్మాయి చెయ్యి తీయలేదు.

8. ఈ ఆటలు మంచివని నేను చెప్పడం లేదు. అవి మనిషిని ఏం చేస్తాయో నన్ను చూస్తే చాలు, వేరే సాక్ష్యం అక్కర్లేదు. కానీ వాటిని ఈ విధంగా ఆడమన్నది వాటిని తయారుచేసినవాడు కాదు, ఏడో నియమం. మిగతా ముప్పైమంది కాపలావాళ్లు ముందునుంచి వెళ్తే ఏం చేస్తారో నాకు తెలియదు. కొట్టవచ్చు, చంపవచ్చు. వెనకటి ఆరువందల పదకొండు ఆటల్లో ఎంతమంది తాళం చెవి చేత్తో పట్టుకుని కూర్చున్నారో అది అసలే తెలియదు. వాళ్లందరినీ మిషనులో వేశాం.

కావున తమరు దయతో, (అ) సోమవారం సంతకం ఆపి, ఆ ముప్పైమంది ముందుకు ఉత్తచేతులతో వెళ్లడానికి నాకు నాలుగు వారాల గడువు ఇప్పించవలెను. (ఆ) ఏడో నియమం మార్చి, ప్రతి వ్యక్తినీ కనీసం ఒక్కసారి చంపకుండా వదిలి చూడవలెనని చేర్చవలెను. (ఇ) ఆట ఇంటికి తీసుకెళ్లినందుకు నన్ను ఉద్యోగం నుంచి తీసేయదలిస్తే తీసేయండి, గడువు అయ్యాక. నా బదులు ఇంకొకణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టే ముందు వాడికి పిల్లలున్నారేమో కనుక్కోండి.

పై విషయము చిత్తగించి, పెన్ను మూత తీసే ముందు ఒక్క నిమిషం ఆగవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
పరీక్షకుడు (రెండవ శ్రేణి)

తా.క.: ఇది సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఇంట్లో రాసి ముగిస్తున్నాను. ఎప్పుడూ గోడకి వీపు ఆనించి కూర్చునేవాణ్ణి, ఈ రోజు కావాలనే గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చున్నాను. సంతకం పెడుతుండగా మా అమ్మాయి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగలేదు. దగ్గలేదు. వెనక నుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

నా చెయ్యి లేచింది, పెన్నుతో సహా. దాని చెవి దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. దించాను.

సంతకం పక్కన పడిన సిరా మరక అప్పటిదే. కాగితం పాడైందని మళ్ళీ రాయమంటారేమో, రాయను. దయచేసి ఆ మరకను దస్త్రంలో అలాగే ఉంచండి. పందొమ్మిదేళ్లలో ఒకరిని వదిలిపెట్టి నేను రాసిన మొదటి నివేదిక అదే.