నీకెంత?

15 ఫిబ్రవరి 2017, బుధవారం

ఒకే రాకెట్టు, నూట నాలుగు ఉపగ్రహాలు! గిన్నెల షాపు కూడా తియ్యకుండా టీవీ ముందే కూర్చున్నాను. చివరిది విడిపోయేదాకా ఊపిరి బిగపట్టాను. వెంటనే ఫేస్‌బుక్కులో మన సిక్కోలు చర్చ గ్రూపులో పోస్టు పెట్టాను. 104 ఎగిరాయి, కాలరెత్తుకోండి అని. పావుగంటలో అరవై లైకులు.

అది మా అక్క గున్నమ్మ, కోడలి ఫోన్లో చూసినట్టున్నాది. ఊర్నుంచి ఫోను. 104 ఎగిరిపోనాదేట్రా, మరి నా మోకాళ్ళ మాత్రలు ఎవులిస్తారు అంది. ఆవిడకి 104 అంటే నెలకోసారి ఊళ్ళోకి మందులు తెచ్చే బండి. నవ్వలేక చచ్చాను.

సాయంత్రానికి ఆ నవ్వు దిగిపోనాది. పోస్టు కింద పోతురాజు అని ఒకడు, మొహం బదులు కొబ్బరిచెట్టు ఫొటో. ఆకాశంలోకి నూటనాలుగు పంపినోళ్ళం, ఉద్దానంలో కిడ్నీలెందుకు పోతన్నాయో మాత్రం చెప్పలేకపోతన్నాం అని రాశాడు. అక్కడితో ఆగితే దండం పెట్టేవాణ్ణి. జనం నొప్పి మాత్రలు శనగల్లాగ నమిలితే గవర్నమెంటేటి చేస్తాది అని కూడా రాశాడు.

మా అన్నయ్య ఆ జబ్బుతోనే పోయాడు. జ్వరమొచ్చినా మాత్ర మింగని మనిషి. తేడా నీళ్ళలో ఉన్నాది, మాత్రల్లో కాదు, ఎవిడెన్స్ ఉంటేనే మాట్లాడు అని కొట్టాను.

16 ఫిబ్రవరి

పోతురాజు పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతన్నాది. రిప్లై లేదు.

18 ఫిబ్రవరి, శనివారం

ఇచ్చాడు. ఏదో రీసెర్చి పేపరు లింకు. నేను రెండు లింకులిచ్చాను. అతను మూడు. ఒక పేపరు నీళ్ళంటాది, ఇంకోటి ఎండలో చాకిరీ అంటాది, ఇంకోటి పురుగుమందులంటాది. అసలు సంగతి ఇంకా తేలలేదని అన్నింటి అడుగునా ఉన్నాది. అడుగుదాకా ఎవడు చదువుతాడు? నేనూ చదవలేదు, పైన నాకు కావలసిన ముక్క కాపీ చేసి పెట్టేశాను.

ఇంతలో ఒకామె బిందె అడిగింది. ఒక్క నిమిషం అన్నాను. అది ఎంతసేపయిందో తెలీదు, తలెత్తేసరికి ఎదురు కొట్లో బిందె మోగించి చూసుకుంటన్నాది.

కన్యాకుమారి ఊరుకుంటాదా? మేనరికం పెళ్ళాం, చిన్నప్పట్నుంచీ నోరు ఎక్కువే. చెప్పేవి శ్రీరంగనీతులు, ఊరందరికీ ఎవిడెన్స్ చెప్తావు, నువ్వెప్పుడైనా టెస్టుకి రక్తం ఇచ్చావా బావా అంది. ఎందుకే అన్నాను. ఉద్దానం వదిలి ఆమదాలవలస వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. అప్పట్నుంచీ ఊరి బోరు నీళ్ళు నోట్లో పోస్తే ఒట్టు. ఇంట్లో టిన్ను నీళ్ళు, కొట్లో టిన్ను నీళ్ళు.

అదే అంటన్నాను, నీళ్ళయితే నీకు రాదు కదా, అందుకే నీకు నీళ్ళే కావాలి అంది.

కంచం దగ్గర్నుంచి లేచిపోయాను. వంకాయ కూర బాగుంది కూడాను.

23 ఫిబ్రవరి, గురువారం

ఎక్కడో నలభై కాంతి సంవత్సరాల దూరంలో ఏడు గ్రహాలంట! మూడింటి మీద నీళ్ళుండొచ్చంట! గ్రూపు తిరణాలలాగ ఉన్నాది. అక్కడికి మనం పోగలమా అని ఒకడు, పోతే రిజర్వేషన్లుంటాయా అని ఒకడు. దాని మీద కొట్టుకు చచ్చారు.

అక్కడి నీళ్ళ సంగతి తెలిసిపోతన్నాది, మా ఊరి నీళ్ళలో ఏటుందో చెప్పే నాథుడు లేడు అని రాశాను. రెండొందల లైకులు. ఇంత ఎప్పుడూ రాలేదు.

కింద పోతురాజు. యుగంధర్ గారూ, ఇంతకీ మీరు టెస్టు చేయించుకున్నారా అని. అంతే, ఇంకో ముక్క లేదు.

కన్యాకుమారి గానీ చెప్పలేదు కదా అని ఒక్క క్షణం అనుమానమేసింది. నేను టిన్ను నీళ్ళు తాగుతాను సార్, మీరు చేయించుకోండి, మాత్రలు అరిగాయో లేదో తెలుస్తాది అని రాశాను. అందరూ పళ్ళికిలించారు. అతను మళ్ళీ మాట్లాడలేదు. గెలిచాను.

గెలిచానా? అన్నం సయించలేదు.

26 ఫిబ్రవరి, ఆదివారం

ఊరెళ్ళాను. స్కూల్లో మెడికల్ క్యాంపు, నువ్వు రాకపోతే నేనే వచ్చి ఈడ్చుకొస్తాను అని అక్క మూడుసార్లు ఫోను చేసింది.

మా ఊళ్ళో పలకరింపే మారిపోనాది. బాగున్నావా అనరు. నీకెంత అంటారు. క్రియాటినిన్, కిడ్నీ పాడైతే రక్తంలో పెరిగేది, అది ఎంత అని. పరీక్ష మార్కులడిగినట్టు అడుగుతారు, ఇదే పరీక్షలో ఎక్కువొస్తే ఫెయిలు. బస్సు దిగ్గానే టీకొట్టు సీతారామారావు నీకెంత అన్నాడు. చేయించలేదన్నాను. అదృష్టవంతుడివి, ఇంకా తెలీదన్నమాట అన్నాడు.

పోయిన క్యాంపులో అక్కకి ఒకటి. నార్మల్! యాభై ఎనిమిదేళ్ళు ఆ బోరు నీళ్ళే తాగింది. పదేళ్ళుగా మోకాళ్ళకి నొప్పి మాత్రలూ మింగుతన్నాది. నా నీళ్ళకీ పోతురాజు మాత్రలకీ రెంటికీ ఎవిడెన్స్ కాదావిడ. ఎలాగే అంటే, ఏమోరా, అవి నన్ను మర్చిపోనాయేమో అంది.

నన్ను జబ్బ పుచ్చుకుని లైన్లో నిలబెట్టింది. రక్తం ఇచ్చాను. రిపోర్టు గురువారం వస్తాదంట, అక్క తీసుకుని ఫోన్లో చెప్తానంది.

28 ఫిబ్రవరి

గ్రూపు తెరవలేదు. అంటే, తెరిచాను. ఏటీ రాయలేదు.

2 మార్చి, గురువారం

అక్క పదింటికల్లా చెప్తానంది. పదకొండయింది. చేశాను, ఎత్తలేదు. ఒక గిన్నెల సెట్టు తుడిచిందే తుడిచాను. మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను.

రెండు దాటాక కొట్టు ముందు ఆటో ఆగింది. అక్క దిగింది. చేతిలో కవరు.

కోడి గుడ్డు పెట్టినా ఫోన్లో చెప్పే మనిషి. చెప్పకుండా రైలెక్కి వచ్చిందంటే, కవరు విప్పక్కర్లేదు. నాకు తెలిసిపోనాది.

2.6.

కన్యాకుమారి టిన్ను వంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగకుండా పక్కన పెట్టేశాను. భయమేసింది. నిజంగా భయమేసింది.

3 మార్చి, శుక్రవారం

శ్రీకాకుళంలో డాక్టరు దగ్గరికి పొద్దున్నే అక్కే తోడొచ్చింది. దేనివల్ల వచ్చింది సార్ అన్నాను. చెప్పలేనయ్యా, తెలిస్తే నేనెందుకు దాస్తాను అన్నాడాయన. ఉప్పు తగ్గించమన్నాడు, అడక్కుండా ఏ మందూ వేసుకోవద్దన్నాడు, రెండు వారాలకి మళ్ళీ టెస్టు రాశాడు.

మధ్యాహ్నం, 3:20

తిరుగు బస్సులో ఫోను తీశాను. పోతురాజు ఇన్‌బాక్సు తెరిచాను, తిట్టడానికో, సారీ చెప్పడానికో, ఏటో నాకే తెలీదు. చివరికి ఒక్క ముక్క రాశాను. నీకెంత?

ఈ ప్రశ్నకి అర్థం మా ఉద్దానం వాళ్ళకే తెలుస్తాది. బయటివాడైతే ఎంతేటి అని అడుగుతాడు.

అడగలేదు. బస్సు స్టాండులో ఆగేలోపే వచ్చింది. 4.1. నొప్పి మాత్రలు మానేసి మూడేళ్ళయింది అన్నా, అయినా పెరుగుతన్నాది. మీ ఊరికి పక్క ఊరే మాది.

మూడేళ్ళ కిందట మాత్రలు మానేశాడు. కాబట్టి మాత్రలే కారణం కావాలి అతనికి, అప్పుడే తగ్గుతాదన్న ఆశ. నాకు టిన్ను నీళ్ళు ఉన్నట్టు.

ఒరే పోతురాజూ! టెస్టు చేయించుకున్నారా అని నువ్వడిగింది ఎగతాళి అనుకున్నాన్రా. వందమంది ముందు నిన్ను నవ్వులపాలు చేశాను. ఏడుపొచ్చింది. అక్క చూసి, మొహం తుడుచుకో, దిగాలి అంది.

ఆ కామెంటు డిలీట్ చేశాను. నా 2.6 రాసి పంపాను.

16 మార్చి, గురువారం

పోతురాజు మెసేజి: 4.0.

లైక్ కొట్టాను. నా టెస్టు రేపు.