హెడ్‌ఫోనుకి ఇనుప పట్టీ

విజయనగరం,
4 జూన్ 2006

రాయపూర్ ఇనుప బావకి, మరదలు అమూల్య దండాలు (కాగితం మీద మాత్రమే).

నా హెడ్‌ఫోను నడుం విరిగింది బావా. నెత్తిమీద ఉండే ప్లాస్టిక్ పట్టీ పుటుక్కుమంది. చెవులు రెండూ బాగానే పలుకుతున్నాయి. రిబ్బనుతో కట్టుకుని తిరుగుతుంటే నాన్న "పన్ను నొప్పేటే?" అంటున్నాడు. డాక్టర్ల మాటలు విని టైపు చేసే ఉద్యోగానికి నెలాఖర్న పరీక్ష. ఎవరి హెడ్‌ఫోను వాళ్ళే తెచ్చుకోవాలట. కొత్తది కొనమంటే, "ఉద్యోగమెందుకు, బొబ్బిలి సంబంధం వచ్చింది, పెళ్ళి చేసీస్తాను" అంటాడు.

నువ్వు ఉర్లా ఫ్యాక్టరీలో రోజంతా ఇనుమే వంచుతావు కదా, నాకో గట్టి పట్టీ చేసిపెట్టు. హెడ్‌ఫోను ఇదే పార్సిల్లో ఉంది.

అమూల్య

తా.క. ఫోన్ చెయ్యకు. మా ఫోన్ హాల్లో ఉంది. నువ్వు హలో అంటే వీధంతా పలుకుతుంది.


దేవేంద్ర నగర్, రాయపూర్,
10 జూన్

అమూల్యకి గిరిధర్ ఆశీస్సులు (పెద్దవాణ్ణి, తప్పదు).

అరె, అదీ ఒక హెడ్‌ఫోనేనా! దువ్వెనకి అంతకంటే మంచి ప్లాస్టిక్ వేస్తారు. టెన్షన్ పడకు. లోపల స్ప్రింగు పట్టీ, పైన తోలు వేసి పక్కాగా చేస్తాను, లారీ ఎక్కినా విరగదు. కానీ కొలత లేకుండా మేం గేటు గొళ్ళెం కూడా చెయ్యం. ఈ చెవి నుంచి నెత్తిమీదుగా ఆ చెవి దాకా దారం పెట్టి, కత్తిరించి పంపు.

బొబ్బిలి అబ్బాయి మంచివాడేనా? ఊరికే అడిగాను.

గిరిధర్

తా.క. కొప్పుతో సహా కొలవకు. ఆ పట్టీ మా ఫోర్‌మాన్ ప్రేమ్‌చంద్‌కి సరిపోతుంది.


విజయనగరం,
17 జూన్

బావకి, ఇక్కడంతా కుశలమే, ఒక్క నాకు తప్ప.

కొలత ఇందులో పెట్టాను. బొబ్బిలి అబ్బాయి మంచివాడేనట. రైసుమిల్లుంది. వచ్చే నెల చూడ్డానికొస్తారు. ఊరికే చెప్పాను.

అమూల్య

తా.క. కొలత అందగానే రాయి. ఏదో ఒకటి రాయి.


రాయపూర్,
22 జూన్

అమూల్యా, ఆశీస్సులు తర్వాత, ముందు కొంప మునిగింది.

కవరు అమ్మ విప్పింది. లోపల పసుపు రాసిన దారం! మీ ఇంట్లో ఇంకో దారమే దొరకలేదేటి? అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని, "మా అన్నయ్య కూతురు నోటితో చెప్పలేక పసుపుతాడు పంపిందిరా" అని దేవుడి దగ్గర పెట్టీసింది. అది నెత్తి కొలతమ్మా, హెడ్‌ఫోనుకి అంటే, "పసుపుతాడుతో నెత్తి కొలుస్తార్రా మొద్దూ!" అంది. కాలనీ అంతా బూందీ పంచీసింది. శంకర్ నగర్ వెళ్ళి చీరలు చూసొచ్చింది. రేపో మాపో మావయ్యకి ఫోన్ చేస్తుందట.

ఆ దారం నన్ను ముట్టుకోనివ్వదు. అందుకని నా తల కొలతకే పట్టీ చేసి పంపుతున్నాను.

నిజం చెప్తాను. పొరపాటని అమ్మకి గట్టిగా చెప్పాల్సింది నేనే. చెప్పకపోగా, ఆ బూందీ నేనూ తిన్నాను. నాకు నువ్వంటే ఇష్టం, చిన్నప్పట్నుంచీ. కానీ ఓ పట్టీ చేసిపెట్టి పిల్లనిమ్మనే రకం కాను. నువ్వు కాదను చాలు, అమ్మకి ఎలాగో నచ్చజెప్తాను.

గిరిధర్

తా.క. బొబ్బిలివాళ్ళ మిల్లులో మోటారు పాతదై ఉంటుంది. చూసుకో.


విజయనగరం,
5 జూలై

మొద్దు బావకి (బిరుదు అత్త ఇచ్చిందే),

నీ పట్టీ నెత్తిన పెడితే జారి మెడలో పడింది. కింద తువ్వాలు మడతపెట్టుకుని పరీక్షకెళ్ళాను. నన్ను చూసి అందరూ నవ్వారు. మధ్యలో అది చేజారి కింద పడితే గచ్చు పెచ్చు లేచింది కానీ దానికేమీ కాలేదు. ఉద్యోగం వచ్చీసింది!

అత్త ఫోన్ చేసింది. నాన్న "ముందే ఏడవొచ్చు కదే" అని నన్ను తిట్టి, బొబ్బిలివాళ్ళని రావద్దన్నాడు.

ఇంకో దారం దొరకలేదా అని అడిగావు. అమ్మ కుట్టుమిషను పక్కన డబ్బా నిండా దారం ఉండలే. తెల్లదారం తీసి, వంటింట్లోకెళ్ళి పసుపు నేనే రాశాను. అత్తకి చూడగానే అర్థమైంది. నీకే ఉత్తరం రాసి చెప్పాల్సొచ్చింది.

ఇక నీ,
అమూల్య

తా.క. పట్టీ నా నెత్తికి తగ్గించాలి. ఈసారి దారం పంపను. నువ్వే వచ్చి కొలుచుకో.