హార్మోనియం తిత్తికి వేసిన అతుకు

నవంబరు 2006, ఆదివారం రాత్రి

ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు, సంతోషం వల్లే. ఉత్తరాదిలోనే పుట్టి పెరిగిన మనవరాలు మేఘన తన పాటలు తనే రాసి, తనే బాణీ కట్టుకుంటుంది. పాతకాలపు రేడియోలో, పొగమంచు అవతల ఎవరో పాడుతున్నట్టుంటాయి. కొత్త పాటకు నా పాత హార్మోనియం కావాలంది. దాని తిత్తికి చిల్లుంది, గాలి పోతుంది. పదిమందిలో పిల్ల పరువు పోకూడదని నిన్న చెప్పకుండా తోలుముక్క అతికించాను.

పొద్దున మేఘన వాయించి చూసి లబోదిబోమంది. "తాతా, యే క్యా కియా? ఆ ఊపిరి సౌండ్ కోసమే కదా ఇది అడిగింది! శనివారమే సాకేత్‌లో స్టేజీ ప్రోగ్రాం!"

"మామయ్యగారికి రిపేరు కనిపిస్తే చేతులు ఆగవు," అని కోడలు నవ్వింది.

తడిగుడ్డతో మెల్లగా అతుకు ఊడదీశాను. చిల్లు ఇంకా పెద్దదైంది. భయపడి వేలు అడ్డం పెట్టాను. మేఘన వాయిస్తుంటే, వేలు కాస్త ఎత్తితే ఎవరో నిట్టూర్చినట్టు చప్పుడు, మూస్తే స్వరం నిండుగా.

"బస్ తాతా, అదే! మళ్లీ ఎత్తు!" అని మేఘన గంతులేసింది. పాట మొత్తం అలాగే సాగింది. నా వేలు కూడా పాడుతున్నట్టనిపించింది.

ఇప్పుడు శనివారం నేనూ స్టేజీ ఎక్కాలట. నలుగురిలో పేరు చెప్పడానికే తడబడే మనిషిని. వేలు వణికితే పాట చెడుతుందేమో... అయినా సరేనన్నాను. తిత్తి ఉండేది వాయించే మనిషికి అవతల, జనం వైపే కాబట్టి, వాళ్లకు వీపు పెట్టి కూర్చోవచ్చా అని అడిగాను.

"ఠీక్ హై తాతా, వెనక నుంచి కూడా బాగుంటావ్," అంది.