కంచు గిన్నెల మోత

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. నాకు నిద్ర పట్టడం లేదని పక్క క్వార్టర్ పార్వతి నన్ను మన టౌన్‌షిప్ సెక్టార్ హాల్లో జరిగే సౌండ్ హీలింగ్‌కి తీసుకెళ్లింది. అందరం చాపల మీద కళ్లు మూసుకుని పడుకున్నాం. ఒక దీదీ కంచు గిన్నెలను మెల్లగా మోగించింది. ఆ మోత చెవుల్లో కన్నా గుండెల్లోనే ఎక్కువ తెలిసింది. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లు రొదలో వినికిడి పోగొట్టుకున్న మీకు కూడా ఇది తెలిసేదే అనుకున్నాను. అంతలోనే నిద్రపోయాను.

కళ్లు తెరిచేసరికి హాలు ఖాళీ. పార్వతి ఒక్కతే పక్కన కూర్చుని ఉంది.

"నన్ను లేపలేదేటి?" అన్నాను.

"ఎలాగ లేపుతాను వదినా? అన్నం పెట్టీమంటారా అని నిద్దట్లో అన్నయ్యని అడుగుతున్నావు."

మీరేమన్నారో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.